అంబాసిడర్ షెడ్డులో ఎంజీ: పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారును ట్రాక్‌కి తయారు చేయడం

ఎంజీబీ బానెట్ ఎత్తి, జీవితమంతా అంబాసిడర్లు విప్పి బిగించిన మేస్త్రికి చూపించండి. కారు పేరు అడక్కముందే ఆయన చెయ్యి ట్యాపెట్ కవర్ మీదికి పోతుంది. పోవాలి మరి. 1959 నుంచి అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళ బీ-సిరీస్. 1955 నాటి ఎంజీఏ 1500లో ఉన్నదీ ఆ 1489 సీసీయే. బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 89. అదే స్ట్రోకు ఉంచి బోరు 80.26కి పెంచి, 1798 సీసీ చేసి 1962లో ఎంజీబీలో పెట్టారు. ఫైరింగ్ ఆర్డర్ మూడింటికీ 1-3-4-2. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ సంగతీ ఇంచుమించు ఇంతే. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి అది దగ్గర చుట్టం, ఇంజను వంశం ఒకటే.

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు చాలావరకు ఇలా పుట్టినవే. ఇంటి కారు ఇంజనూ వెనక యాక్సిలూ తీసుకుని పైన తేలికపాటి రెండు సీట్ల బాడీ కట్టారు. అందుకే గోదావరి డెల్టాలో ఉండి ఇలాంటి కారును ట్రాక్‌కి తయారు చేయడం వినడానికి ఉన్నంత కష్టమేమీ కాదు. బోరింగు, క్రాంకు గ్రైండింగు, బుష్‌లు, రేడియేటర్ కోరు లాంటి పనులు రాజమండ్రి, తణుకు, భీమవరం షెడ్లలోనే అయిపోతాయి. రైసు మిల్లు ఇంజన్లూ చేపల చెరువుల పంపులూ బాగుచేసే చేతులకి ఈ ఇంజను ఒక లెక్క కాదు. చిక్కల్లా వేరేచోట ఉంది. మాన్యువల్ రాసినవాళ్ళు మన చెమ్మ చూడలేదు, మన మే నెల చూడలేదు, మన పెట్రోలు అసలే చూడలేదు. ఈ పోస్టులో ఎక్కువ భాగం ఆ మూడింటి గురించే.

చాలామంది మొదట కొనేది పెద్ద కార్బురేటర్, గట్టిగా మోగే సైలెన్సర్. ఇది తలకిందుల పని. బ్రేకులు, కూలింగు, ఆయిలు, పెట్రోలు కుదిరాకే పవర్ మాట ఎత్తాలి. స్టాండర్డ్ ఎంజీబీకి ఉన్న 95 హార్స్‌పవర్‌ని ఒక పూట మొత్తం వేడెక్కకుండా, మిస్సింగ్ లేకుండా వాడుకోగలిగితే మొదటి ఏడాదికి అంతకు మించి అక్కర్లేదు.

విప్పే ముందు కాగితాలు

2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన కారుకి వింటేజ్ గుర్తింపు దొరుకుతుంది. ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, రెన్యువల్‌కి 5,000. రోజూ తిరగడానికి కుదరదు. ర్యాలీకి, ప్రదర్శనకి, రిపేరుకి, పెట్రోలు పోయించడానికి మాత్రమే రోడ్డెక్కాలి. అన్నింటికన్నా ముఖ్యమైన షరతు, ఛాసిస్, బాడీ షెల్, ఇంజను అసలు రూపంలో ఉండాలి. ట్రాక్ పనులు చేసేవాళ్ళు ఇక్కడే జాగ్రత్త పడాలి. రోల్ బార్ వెల్డింగ్ చేయించకుండా బోల్టులతో బిగించేది పెట్టించండి. బాడీలో కొత్త కంతలు వీలైనంత తక్కువ. విప్పిన ప్రతి అసలు పార్టుకీ చీటీ కట్టి దాచండి, రేపు ఇన్‌స్పెక్షన్‌కి అదే సాక్ష్యం.

పరుగు ఎక్కడ అంటే, మనకి దగ్గర మద్రాసు అవతల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. ఇంకొంచెం దూరంలో కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే. పోటీ అయితే ఎఫ్ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు పోటీలు చూసే సంఘం) లైసెన్సు కావాలి. ఇంగ్లండులో గుడ్‌వుడ్ రివైవల్ లాంటివి 1998 నుంచి సాగుతున్నాయి, అక్కడ ప్రతి కారుకీ ఏ కాలంలో ఏ పార్టు ఉండేదో చూసే కట్టుబాట్లున్నాయి. ఇక్కడ మాత్రం ట్రాక్ డేలు, క్లబ్బు రోజులు, టైము పట్టి నడిపే ర్యాలీలే ఆధారమనుకుని తయారవడం మేలు. గట్టు రోడ్ల మీద, కాలవ పక్కన స్పీడు పరీక్షలు చెయ్యొద్దు. మలుపు అవతల ఎవరో ధాన్యం ఆరబోసుకుని ఉంటారు.

బ్రేకులు: చెమ్మతో మొదటి గొడవ

ఎంజీబీకి ముందు 10.75 అంగుళాల డిస్కులు, వెనక 10 అంగుళాల డ్రమ్ములు. తొలి ఎంజీఏ 1500కి నాలుగూ డ్రమ్ములే. టన్నుకి తక్కువ బరువుండే కారుకి ఈ బ్రేకులు సరిపోతాయి. సరిపోనిది లోపలి ఆయిలు.

డాట్ 4 బ్రేక్ ఆయిల్ గాలిలోని నీటిని పీలుస్తుంది. కొత్త డబ్బాలో ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే మరిగే స్థాయి కనీసం 155 డిగ్రీలు ఉండాలన్నదే ప్రమాణం. అంటే పాతబడ్డ ఆయిలు డెబ్భై అయిదు డిగ్రీలు ముందే మరగొచ్చు. ట్రాక్ మీద నాలుగో చుట్టులో పెడల్ మెత్తబడి నేలకి ఆనిందంటే కారణం చాలాసార్లు ఇదే. క్యాలిపర్‌లో ఆయిలు మరిగి ఆవిరైంది, ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి ప్యాడ్ కదలదు. కారు చల్లారాక పెడల్ మామూలుగా అయిపోతుంది, అందుకే షెడ్డుకి తెచ్చాక తప్పు దొరకదు. అమలాపురం, నర్సాపురం వైపు గాలిలో ఏడాదిలో ముప్పాతిక భాగం చెమ్మే. ‘రెండేళ్ళకోసారి’ అన్న సలహా మన దగ్గర పనికిరాదు. వానలు వెళ్ళాక ఒకసారి, ట్రాక్‌కి వెళ్ళే ముందు వారంలో ఒకసారి మొత్తం మార్చండి. డబ్బా మూత తీస్తే ఆ రోజే వాడేయాలి, మిగిలింది పారెయ్యాలి. దానికి మనసొప్పదు కాబట్టి చిన్న డబ్బాలే కొనండి.

గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలు. కుడి స్టీరింగ్ కారులో అది వెనక ఎడమది. పెడల్ తొక్కేవాళ్ళు నెమ్మదిగా పూర్తిగా తొక్కాలి, నిపిల్ మూసేదాకా కాలు ఎత్తకూడదు. సీళ్ళు కడగడానికి పెట్రోలు, కిరసనాయిలు తగలనివ్వొద్దు, రబ్బరు ఉబ్బి సిలిండర్‌లో పట్టేస్తుంది. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. వీల్ సిలిండర్ విప్పి వేలుగోరు లోపల తిప్పండి. గోరుకి గుంట తగిలిందంటే కొత్త సీలు వేసినా నెల తిరక్కుండా కారుతుంది. కొత్త సిలిండర్ దొరక్కపోతే లేత్ మీద బోరు పెంచి స్టెయిన్‌లెస్ స్లీవ్ దిగ్గొట్టించి, మళ్ళీ అసలు కొలతకి హోన్ చేయించొచ్చు. మన షెడ్లలో బాగా చేసే పని ఇది.

లైనింగ్ విషయంలో ఒక మాట. బస్సులకీ లారీలకీ లైనింగ్ కొట్టే షాపుకి షూలు ఇస్తే ఉన్న గట్టి సరుకే కొట్టి ఇస్తారు. ‘ఇది జీవితకాలం వస్తుందండి’ అంటారు, వస్తుంది కూడా. పది టన్నుల బండి వేడికి పట్టే లైనింగ్ అది, మన తేలిక కారు దాన్ని అంత వేడి చేయలేదు కాబట్టి మొదటి రెండు మలుపుల్లో అసలు పట్టదు. మెత్తటి కారు లైనింగే అడిగి కొట్టించుకోండి.

నీరు, వేడి

కోనసీమలో బోరు నీళ్ళు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. అవి రేడియేటర్‌లో పోస్తే ఏడాదిలో గొట్టాల లోపల తెల్లటి పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, మూడో వంతు కూలెంట్ కలిపి పొయ్యాలి. మనకి గడ్డకట్టే చలి లేదు కదా అని కూలెంట్ మానేస్తారు. అందులోని తుప్పు మందు కోసమైనా వెయ్యాలి.

చేతికొచ్చిన ఇంజను ఎన్నేళ్ళు ఏ నీళ్ళు తాగిందో తెలీదు కాబట్టి బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గులు పీకించండి. వెనక నాలుగో సిలిండర్ చుట్టూ గట్టిపడ్డ మడ్డి ఉంటుంది. గాలి గొట్టంతో పోదు, కమ్మీ వంచి గోకి తీయాలి. ఆ మడ్డి అలాగే ఉంచి రేడియేటర్ ఎంత పెద్దది పెట్టినా నాలుగో పిస్టన్ దగ్గరే వేడి దాటుతుంది. కొత్త ప్లగ్గులు ఇత్తడివి వేయించండి.

థర్మోస్టాట్ పీకేయడం మన మెకానిక్కుల్లో పాత అలవాటు. ట్రాక్‌కి అది చెడ్డ సలహా. ఖాళీగా వదిలేస్తే బ్లాకు లోపల నీటి ఒత్తిడి తగ్గి, ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఆవిరి బుడగలు కడతాయి. గేజ్ మామూలుగానే చూపిస్తుంది, హెడ్ మాత్రం పగులుతుంది. 74 డిగ్రీల థర్మోస్టాట్ వెయ్యండి, లేకపోతే ఆ స్థానంలో కంత ఉన్న స్లీవ్ పెట్టండి. రేడియేటర్ మూత 7 పీఎస్ఐదో 10 పీఎస్ఐదో మాన్యువల్ చూసి అదే వెయ్యాలి. పాత కోరుకి ఆధునిక కారు మూత పెడితే అతుకులు విచ్చుకుంటాయి. ఇంకొకటి, కారు వేడెక్కుతోందని అందరూ రేడియేటర్‌ని తిడతారు గానీ టైమింగ్ వెనక్కి ఉన్నా, మిశ్రమం పలచబడ్డా, అంటే గాలికి తగినంత పెట్రోలు అందకపోయినా, వేడే. పలచబడటానికి ఇప్పుడు పెద్ద కారణం పెట్రోలే.

ఈ20, ఎస్‌యూ కార్బురేటర్

2025 నాటికి దేశమంతా బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే (ఈ20 అంటే అదే). చెరకు నుంచీ నూకల నుంచీ తీసిన ఆల్కహాల్ అది. ఈ కార్లని దాని కోసం తయారు చేయలేదు. మూడు రకాలుగా ఇబ్బంది పెడుతుంది.

మొదటిది రబ్బరు. పాత పెట్రోలు గొట్టాలు లోపల పొరలు పొరలుగా ఊడి సూది వాల్వుకి అడ్డం పడతాయి, బయటికి చెమర్చి మంటకి దారి చూపిస్తాయి. ఇథనాల్ తట్టుకునే ఆర్9 రకం గొట్టం వెయ్యాలి. గొట్టం మీద ఆ గుర్తు అచ్చయి ఉంటుంది. గుర్తు లేని నల్ల గొట్టం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. కార్బురేటర్‌లో కార్కు సీళ్ళుంటే అవీ మార్చాలి.

రెండోది నీరు. ఇథనాల్ చెమ్మని లాగుతుంది. సగం ఖాళీ ట్యాంకుతో కారు రెండు నెలలు వానల్లో నిలబడితే ఆల్కహాలూ నీరూ కలిసి అడుక్కి దిగిపోతాయి. పంపు లాగేది అడుగునుంచే కాబట్టి ఇంజనుకి మొదట అందేది ఆ నీళ్ళే. పైన మిగిలిన పెట్రోలుకి ఆక్టేన్ తగ్గి ఉంటుంది. నిలబెట్టేటప్పుడు ట్యాంకు నిండుగా అయినా ఉండాలి, పూర్తిగా ఖాళీగా అయినా ఉండాలి.

మూడోది మిశ్రమం. ఒక కిలో అసలు పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి తొమ్మిది చాలు. ఈ20కి దాదాపు పదమూడున్నర. కార్బురేటర్‌కి ఈ లెక్క తెలీదు. అది పాత కొలతలోనే పెట్రోలు వదులుతుంది, ఇంజను పలచగా నడుస్తుంది. పోసిన పెట్రోలులో ఎంత ఆల్కహాల్ ఉందో మీరే చూసుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల గీతలున్న గాజు గొట్టంలో 20 దాకా నీళ్ళు, ఆపైన 100 దాకా పెట్రోలు పోసి, మూసి గట్టిగా ఊపి, పది నిమిషాలు నిలబెట్టండి. ఆల్కహాల్ నీళ్ళలోకి దిగిపోతుంది. కింది పొర 36 దగ్గర నిలిస్తే 80లో 16 ఆల్కహాల్, అంటే సరిగ్గా ఇరవై శాతం. ఈ పని ఆరుబయట, సిగరెట్టు ఆమడ దూరంలో ఉండగా చెయ్యాలి.

ఒక మేలు కూడా ఉంది. ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది కాబట్టి 8.8 కంప్రెషన్ ఉన్న ఎంజీబీ పాత పెట్రోలు కన్నా దీంతో తక్కువ నాకింగ్ కొడుతుంది.

ఇప్పుడు కార్బురేటర్. ఎంజీబీకి ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూ హెచ్ఎస్4లు రెండు. సెట్టింగ్ మొదలుపెట్టే ముందు త్రాటిల్ షాఫ్టు పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. ఆడితే ఇంక ఏ సెట్టింగూ నిలవదు. ఐడిల్‌లో ఉండగా షాఫ్టు రెండు చివర్లా కార్బురేటర్ క్లీనర్ కొంచెం స్ప్రే చేస్తే ఆర్‌పీఎం మారుతుంది. దొంగ గాలి అక్కణ్ణుంచే వస్తోందన్నమాట. కొత్త షాఫ్టు వేస్తే కొంత తగ్గుతుంది, కానీ అసలు అరిగేది బాడీ కంత. దాన్ని లేత్ మీద పెంచి గన్‌మెటల్ బుష్ దిగ్గొట్టి, 5/16 అంగుళానికి రీమర్ వేయించాలి. లేత్ దగ్గర మాట ఇలా నడవాలి:

“ఎంత వదులు ఉంచమంటారండీ?”

“ఒక్క థౌ చాలండి మేస్త్రి గారూ. రెండు బుష్‌లూ కొట్టాక రీమర్ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే వరసలో దూర్చండి.”

“ఆయ్, విడివిడిగా వేస్తే పట్టేస్తదండి.”

థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఆ చివరి మాట తనంతట తాను చెప్పిన మేస్త్రికి కార్బురేటర్ నిశ్చింతగా అప్పజెప్పొచ్చు. తిరిగి బిగించేటప్పుడు త్రాటిల్ బిళ్ళని పట్టుకునే రెండు చిన్న స్క్రూల చివర్లు చీల్చి ఉంటాయి. వాటిని కొద్దిగా విప్పదీయాలి. లేకపోతే అదురుకి ఊడి తిన్నగా సిలిండర్‌లోకి పోతాయి. స్క్రూలు కొత్తవే వాడండి.

సెట్టింగ్ వరస ఇది. కార్బురేటర్ లోపలి పిస్టన్, అది కదిలే డ్యాష్‌పాట్ గిన్నె థిన్నర్‌తో తుడవాలి, పెద్ద అంచుకి ఆయిలు రాయకూడదు. పిస్టన్ ఎత్తి వదిలితే కింద ‘టక్’ మని తగలాలి, తగలకపోతే జెట్టు (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) మధ్యకి లేదు. జెట్టు బ్రిడ్జికి సమంగా తెచ్చి, నట్టు రెండు పూర్తి చుట్లు, అంటే పన్నెండు పలకలు, కిందికి దింపండి. ఇంజను బాగా వేడెక్కాక, రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో, రెండో చివర కార్బురేటర్ నోట్లో పెట్టి, రెండింటి హోరూ సమం అయ్యేదాకా త్రాటిల్ స్క్రూలు సర్దండి. తరువాత పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ని మిల్లీమీటరుకి మించకుండా ఎత్తండి. ఆర్‌పీఎం పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం చిక్కన. ఇంజను తడబడి ఆగబోతే పలచన. ఒక్క క్షణం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిపోయినట్టు. ఈ20తో ఇంకో రెండు మూడు పలకలు దింపాల్సి వస్తుంది.

అయితే పలకలు దింపడం ఐడిల్‌ని చక్కబెడుతుంది గానీ, నిండు త్రాటిల్‌లో మిశ్రమాన్ని నిర్ణయించేది జెట్టులో కదిలే సూది వంపు. తొలి ఎంజీబీల్లో చిక్కటి వైపు 6వ నంబరు సూది ఇచ్చేవాళ్ళు, ఈ20కి అక్కణ్ణుంచి మొదలెట్టొచ్చు. సరిపోయిందో లేదో ప్లగ్గే చెబుతుంది. స్ట్రెయిట్ చివర నిండు త్రాటిల్‌లో ఉండగానే క్లచ్ తొక్కి స్విచ్ కట్టేసి, ట్రాక్ వదిలి పక్కకి దొర్లించి ప్లగ్గులు చూడండి. పింగాణీ సున్నంలా తెల్లగా ఉంటే వెంటనే ఆపెయ్యాలి, పిస్టన్ కరిగే దారి అది. మసి పట్టి ఉంటే చిక్కన, పవర్ పోతుంది గానీ ఇంజను పోదు. సందేహముంటే చిక్కటి వైపే ఉండండి. డ్యాష్‌పాట్‌లో 20 గ్రేడ్ ఆయిలు మర్చిపోవద్దు, అది లేకపోతే ఒక్కసారిగా త్రాటిల్ నొక్కినప్పుడు ఇంజను గుటక వేస్తుంది.

బీ-సిరీస్‌లో కార్బురేటర్లూ ఎగ్జాస్టూ ఒకే వైపు ఉంటాయి. సెషన్ అయ్యి కారు ఆపగానే కింది వేడికి ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు మరుగుతుంది. మధ్యలోని రేకు కవచం తీసేయకండి. పాతదానికి అంటుకున్న పొరలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పొడిగా గోకొద్దు.

ఇంజను

మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. అంతకుముందు నుంచీ విప్పని హెడ్ అయితే ఎగ్జాస్ట్ సీట్లు, అంటే వాల్వు వచ్చి ఆనే చోట్లు, సీసం ఉంటేనే నిలిచే మెత్తటివే. ట్రాక్ మీద ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వు సీటులోకి దిగిపోతూ ఉంటుంది. గుర్తు ఏమిటంటే ట్యాపెట్ సందు ప్రతిసారీ తగ్గుతూ వస్తుంది. గట్టి సీట్లు కొట్టించడం తప్పనిసరి. ఎంజీబీ ట్యాపెట్ చల్లగా ఉన్నప్పుడు 15 థౌ. తొమ్మిది లెక్క వాడండి. ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది సెట్ చెయ్యాలి, రెండోది తెరిస్తే ఏడోది, అలా. హెడ్ నట్లు నడిమి నుంచి బయటికి, మూడు విడతల్లో, 45 నుంచి 50 పౌండ్ ఫీట్‌కి. కొన్ని హెడ్ నట్లు రాకర్ పాదాల మీదుగా వస్తాయి కాబట్టి వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగిస్తే ట్యాపెట్లూ మళ్ళీ చూసుకోవాలి. చాలా హెడ్ గ్యాస్కెట్లు ఈ రెండో బిగింపు చేయక పోయినవే.

కొత్త క్యామ్ వేస్తే మొదటి ఇరవై నిమిషాలు 2,000–2,500 ఆర్‌పీఎం మధ్య నడపాలి. ఐడిల్‌లో వదిలితే క్యామ్ మీదికి ఆయిలు చిమ్మదు, ముక్కులు అరిగిపోతాయి. ఆయిలు 20డబ్ల్యూ-50, జింకు ఎక్కువున్నది. గేర్‌బాక్సులో కూడా ఎంజీబీకి అదే ఇంజను ఆయిలు, గేర్ ఆయిలు కాదు. వేడి మీద పరుగులో ఒత్తిడి 50 పీఎస్ఐకి తగ్గకూడదు. పొడవాటి మలుపులో ముల్లు ఒక్కసారి కిందికి జారిందంటే సంప్‌లో (ఇంజను అడుగున ఉండే తొట్టిలో) ఆయిలు పక్కకి పోయి పంపుకి గాలి అందింది. అప్పుడు కావాల్సింది సంప్‌లో అడ్డ రేకులు. ఎక్కువ ఆయిలు పోస్తే మందు కాదు, అది బ్రీతర్‌లోంచి బయటికొచ్చి వెనక టైరు మీద పడుతుంది. బ్రీతర్ గొట్టాన్ని రెండు లీటర్ల క్యాచ్ ట్యాంకులోకి పెట్టండి.

1964 అక్టోబరుకి ముందు ఎంజీబీల్లో క్రాంకుకి మూడు మెయిన్ బేరింగులే, ఆ తరువాతవి అయిదు. మూడు బేరింగుల దాన్ని 5,500 దాటించొద్దు. 1967 దాకా వచ్చిన వాటిలో ఫస్ట్ గేరుకి సింక్రో (గేర్ల వేగాన్ని తనంతట తానే కలిపే ఏర్పాటు) లేదు. కదులుతుండగా ఫస్టులోకి దించాలంటే డబుల్ డీక్లచ్ చెయ్యాలి, అంటే మధ్యలో న్యూట్రల్‌లో వదిలి క్లచ్ రెండుసార్లు తొక్కాలి. పాత లారీ డ్రైవర్లకి ఇది వేరే నేర్పక్కర్లేదు.

చక్రాలు, తుప్పు, చెదలు

వైరు చక్రాలున్న కారు రివర్సు నుంచి ముందుకి మారేటప్పుడు ‘ఠంగ్’ మంటే హబ్ పళ్ళు అరిగాయి. పళ్ళ కొన రంపంలా మొనదేలి ఉంటే చక్రం ఒక్కటి మార్చి లాభం లేదు, హబ్ కూడా మారాలి. పళ్ళకి గ్రీజు పల్చగా రాయండి. మధ్య నట్టు ఎడమ వైపు మామూలు మర, కుడి వైపు ఎడమ మర. చక్రం ముందుకి తిరిగే దిక్కున కొడితే నట్టు ఊడుతుంది. యాక్సిల్ పనిలో హబ్బులు అటూ ఇటూ మారిపోతే పరుగులో నట్టు తనంతట తానే వదులవుతుంది. రాగి సుత్తితోనే కొట్టాలి. ముందు హబ్ బేరింగ్ ఆట రెండు నుంచి నాలుగు థౌ, షిమ్‌లతో సర్దాలి.

ఎంజీబీకి విడి ఛాసిస్ లేదు, తలుపు కింది సిల్లులే వెన్నెముక. అంతర్వేది, ఉప్పాడ గాలి తగిలిన కారైతే జాకీ పెట్టి ఎత్తి తలుపు సందు చూడండి. ఎత్తగానే సందు మూసుకుపోతే లోపలి సిల్లు తినేసింది. అలాంటి కారు ట్రాక్‌కి పనికిరాదు, పైన ఎంత మెరుస్తున్నా సరే. ఎంజీఏకి విడి ఛాసిస్ ఉంది, కానీ నేల ప్లైవుడ్. అంతకుముందు వచ్చిన ఎంజీ టీ-సిరీస్ కార్లకి బాడీ చట్రమే చెక్క. మట్టి నేల షెడ్డులో వీటికి తుప్పు కన్నా ముందు చెదలు పడతాయి. చక్రాల కింద నాపరాళ్ళు, గోడకి జానెడు ఎడం. కొత్త నేల పలక మెరైన్ ప్లైతో వేసి అంచులు కూడా వార్నిష్ చెయ్యాలి, నీరు తాగేది అంచే.

కరెంటు గురించి రెండు మాటలు చాలు. 1967 దాకా వచ్చిన ఎంజీబీలకి బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంటుంది. ఇది చూడకుండా కొత్త ఎలక్ట్రానిక్ సామాను పెడితే క్షణంలో కాలిపోతుంది. పాయింట్ల సందు 15 థౌ, ప్లగ్గు 25. రోటర్ ఆర్మ్, కండెన్సర్ రెండేసి జేబులో ఉండాలి. కొత్తగా వచ్చే నాసి సరుకులో ఇవి వేడికి చెప్పకుండా చస్తాయి.

ట్రాక్ రోజు

రాజమండ్రి నుంచి మద్రాసుకి దాదాపు 600 కిలోమీటర్లు, కారును లారీ మీద పంపండి. కట్టడానికి రాచెట్ పట్టీలు యాక్సిల్‌కి వెయ్యాలి, బంపరుకి కాదు. కొబ్బరి తాడు దారిలో సాగి వదులవుతుంది. బ్యాటరీ కట్‌ఆఫ్ స్విచ్ బయటివాళ్ళకి అందేచోట, మంటలార్పే సిలిండర్ డ్రైవర్ చేతికందేచోట, త్రాటిల్‌కి రెండు స్ప్రింగులు, సంప్ ప్లగ్గుకి లాక్ వైరు. ఇన్‌స్పెక్షన్‌లో మొదట చూసేవి ఇవే. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి, మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. మన ఎండలో ఆరేళ్ళు దాటిన టైరు గీతలు ఎంత నిండుగా ఉన్నా గట్టిపడిపోయి ఉంటుంది.

మొదటి చుట్టు నెమ్మదిగా, ఆఖరి చుట్టు బ్రేకు తక్కువగా వాడి చల్లార్చుకుంటూ రావాలి. ఆగాక హ్యాండ్ బ్రేకు లాగొద్దు, కాలిన డ్రమ్ము షూల మీద బిగుసుకుని వంకర పోతుంది. చక్రానికి ఇటుక పెట్టండి. ఇంజను నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. మధ్య నట్లు మళ్ళీ ఒక దెబ్బ వేసి చూడాలి, వేడికి వదులవుతాయి.

వానాకాలం పడక

జూన్ నుంచి కారు కదలదు. ఆయిలు మార్చే నిలబెట్టండి, పాత ఆయిలులోని ఆమ్లం బేరింగులని తింటుంది. ప్లగ్గుల కంతల్లో చెంచాడు ఆయిలు పోసి క్రాంకు చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎగ్జాస్ట్ గొట్టం చివర, కార్బురేటర్ నోళ్ళు గుడ్డతో మూసేయండి. ఎలుకలు ముందు చేరేది అక్కడే, తరువాత వైర్ల మీద పడతాయి. లంక గ్రామాల్లో, గట్టు లోపల ఉండేవాళ్ళు జులై రాకముందే కారును మెరక మీదికి చేర్చుకోవాలి. వరద నీరు సంప్‌కి తగిలిందన్న అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టొద్దు. ముందు ఆయిలూ గేర్‌బాక్సూ వెనక యాక్సిలూ దించి చూడాలి.

మన చెమ్మలో తరచూ జరిగేది క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుపోవడం. నిలబెట్టేటప్పుడే పెడల్ తొక్కి, సీటు అంచుకీ పెడల్‌కీ మధ్య కర్ర ముక్క తన్నిపెడితే ఈ బాధ ఉండదు. అప్పటికే అతుక్కుని ఉంటే గేర్‌బాక్సు దించనక్కర్లేదు. న్యూట్రల్‌లో ఇరవై నిమిషాలు నడిపి ఇంజను బాగా వేడెక్కించండి, ఆపండి, ఖాళీ స్థలంలో టాప్ గేరు వేసి పెడల్ పూర్తిగా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టండి. కారు కదిలాక పెడల్ వదలకుండానే యాక్సిలరేటర్ నొక్కుతూ వదులుతూ ఉంటే నాలుగైదు కుదుపులకి ప్లేటు విడిపోతుంది. ఎదురుగా కనీసం వంద గజాలు ఖాళీ ఉండాలి, కాలవ వైపు మాత్రం ముఖం పెట్టకండి.